మూడు ఫోన్ల ఫోటోలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించిన అనుభవం

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలు చూసుకునే మామ ఫోన్ నిండిపోయింది. 128 జీబీలో 600 ఎంబీ మిగిలింది, కెమెరా తెరిస్తే స్టోరేజ్ లేదని మొరాయిస్తోంది. అందులో ఉన్నవి పండగ ఫోటోలే అయితే సగం తుడిచేసి ఊరుకునేవాళ్లం. కానీ మూడు పంటల చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నదీ లేనిదీ చూసే పళ్లెం) ఫోటోలు, మేత బిల్లులు, సీడ్ (రొయ్య పిల్లల) రసీదులు, నీళ్ల పీహెచ్ మీటర్ రీడింగులు, రొయ్యల పట్టుబడి రోజు కాటా దగ్గర తీసినవి అన్నీ అందులోనే. మామకి వేరే లెక్కల పుస్తకం లేదు. పనిలో పనిగా అత్త ఫోను, బావమరిది ఐఫోను కూడా వచ్చి చేరాయి. మొత్తానికి రెండు ఆదివారాలు పట్టింది. అందులో కాపీకి పోయిన టైం తక్కువ, ఏ ఫోటో నిజంగా ఎక్కడుందో తేల్చుకోవడానికి పోయిందే ఎక్కువ.

"ఫోన్లోనే ఉండాయి గదా నాయనా, యాడికి పోతాయి?" అన్నాడు మామ. గ్యాలరీలో కనపడేదంతా ఫోన్లో ఉన్నట్టు కాదు. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ ఆన్ చేసి, ఎప్పుడో ఒకసారి 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కి ఉంటే, బ్యాకప్ అయిన ఫోటోలు ఫోన్‌లోంచి పోయి గూగుల్ సర్వర్‌లో మాత్రమే మిగులుతాయి. స్క్రీన్ మీద మాత్రం ఎప్పట్లాగే కనపడతాయి. కేబుల్ పెట్టి ఎంత వెతికినా అవి ల్యాప్‌టాప్‌లోకి రావు. తేల్చుకోవడం సులువే: గూగుల్ ఫోటోస్‌లో ఆ ఫోటో తెరిచి పైకి జరిపితే వివరాలు వస్తాయి. ఫోన్‌లో ఉన్నదైతే ఫోల్డర్ దారి చూపిస్తుంది, డీసీఐఎం, దాని కింద కెమెరా అని. దారి లేకుండా 'బ్యాక్డ్ అప్' అని మాత్రమే ఉంటే అది క్లౌడ్‌లోది. పాతవి రెండు, నడిమివి రెండు, ఈ నెలవి రెండు తెరిచి చూస్తే బొమ్మ అర్థమైపోతుంది. మామ ఫోన్‌లో మొదటి పంట ఫోటోలకి దారి లేదు. 15 జీబీ ఉచిత కోటా నిండిందని మెసేజ్ వచ్చిన రోజున బ్యాకప్ ఆగిపోయింది, అక్కణ్నించి తీసినవన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి. 2021 జూన్ 1 దాకా 'హై క్వాలిటీ'లో దాచుకున్న ఫోటోలకి కోటా లెక్క ఉండేది కాదు. ఆ తర్వాత ఎక్కేవన్నీ జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి ఆ 15 జీబీలోనే పడతాయి.

అంటే ఒక్క ఫోన్‌కే రెండు దారులు. క్లౌడ్‌వి నెట్ ద్వారా, మిగతావి కేబుల్‌తో.

ముందు కేబుల్ సంగతి. యూఎస్‌బీ 2.0 కేబుల్ కోస్తే లోపల నాలుగు తీగలుంటాయి, రెండు కరెంటుకి, రెండు డేటాకి. చవక ఛార్జింగ్ కేబుళ్లు కొన్నింటిలో డేటా తీగలు పెట్టనే పెట్టరు. అలాంటి కేబుల్ గుచ్చితే ఫోన్ ఛార్జ్ అవుతుంది, ల్యాప్‌టాప్ మాత్రం టింగుమని కూడా అనదు. గుంటల దగ్గర షెడ్డులో వాడే కేబుల్ అదే రకం. ఫోన్ డబ్బాలో వచ్చిన కేబుల్ తెచ్చి గుచ్చితే వెంటనే పలికింది. కొత్తది కొనాల్సి వస్తే షాపులో 'డేటా కేబుల్' అని నోరారా అడిగి, అక్కడే ఎవరి ల్యాప్‌టాప్‌లోనైనా గుచ్చి చూసుకుని తెచ్చుకోవాలి. పొడవు మీటరు చాలు.

కేబుల్ మంచిదే అయినా వదులుగా ఆడుతోందంటే పోర్టులో చెత్త ఉన్నట్టు. మామ ఫోన్ చొక్కా జేబులో, మేత బస్తాల మధ్య తిరిగే ఫోన్. టైప్ సి రంధ్రంలోకి టార్చి వేసి చూస్తే అడుగున మేత పొడి, జేబు నూలు కలిసి గట్టిగా మెత్తలా అతుక్కుని ఉంది. ఫోన్ ఆఫ్ చేసి, పళ్లు కుట్టుకునే చెక్కపుల్లతో గోడ వెంబడి మెల్లగా గీకి తీశాం. గుండుసూది పెట్టకూడదు, మధ్యలో ఉండే సన్న నాలుకకి తగిలిందంటే పోర్టే పోతుంది. ఇంకోటి, తడి చేతులతో పట్టుకునేవాళ్ల ఫోన్‌కి 'మాయిశ్చర్ డిటెక్టెడ్' హెచ్చరిక తరచూ వస్తుంది. అది పోయేదాకా కేబుల్ గుచ్చకూడదు. రంధ్రం కిందికి పెట్టి, మెల్లగా తట్టి, ఫ్యాను గాలికి వదిలేస్తే చాలు. బియ్యంలో పాతిపెట్టొద్దని ఆపిల్ కంపెనీయే తన ఫోన్లకి రాసింది, బియ్యప్పొడి, నూక లోపలికి పోతాయి కాబట్టి. మొలగొలుకుల బియ్యమైనా సరే, అన్నానికే వాడుకోండి.

ల్యాప్‌టాప్ వైపు రెండు పనులు ముందే చేయాలి. ఒకటి, స్లీప్. సెట్టింగుల్లో పవర్ కిందకి పోయి, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడూ బ్యాటరీ మీద ఉన్నప్పుడూ రెండింటికీ స్లీప్ 'నెవర్' పెట్టాలి. మధ్యలో కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదకి మారుతుంది, మారాక స్లీప్‌లోకి పోయిందంటే కాపీ అక్కడే తెగుతుంది. రెండోది, వన్‌డ్రైవ్, అంటే నెట్‌లో ఫైళ్లు దాచే మైక్రోసాఫ్ట్ సేవ. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన చాలా ల్యాప్‌టాపుల్లో 'పిక్చర్స్' ఫోల్డర్ వన్‌డ్రైవ్‌కి ముడిపడి ఉంటుంది. అందులో 40 జీబీ పడేస్తే అది వెనకాల నెట్‌లోకి ఎక్కించడం మొదలుపెడుతుంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే కాబట్టి కాసేపటికే నిండిపోయిందని గోల, ఈలోగా రోజు డేటా హారతి. అందుకే డీ డ్రైవ్‌లో వేరే ఫోల్డర్ పెట్టుకున్నాం. డీ డ్రైవ్ లేకపోతే సీ డ్రైవ్‌లోనే, యూజర్ ఫోల్డర్ బయట పెట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్ లోపలి డిస్క్ (ఎస్ఎస్‌డీ) 256 జీబీ అంటే విండోస్‌లో కనపడేది 238 జీబీయే, అందులో విండోస్ తినేది పోగా ఎంత ఉందో చూసుకునే దిగాలి.

ఆండ్రాయిడ్ ఫోన్‌ని లాక్ తీసే గుచ్చాలి. గుచ్చగానే అది ఛార్జింగ్ మోడ్‌లోకే పోతుంది. పై నుంచి నోటిఫికేషన్ తెర దించి, 'ఛార్జింగ్ దిస్ డివైస్ వయా యూఎస్‌బీ' మీద నొక్కి, 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకుంటేనే ల్యాప్‌టాప్‌లో 'దిస్ పీసీ' కింద ఫోన్ పేరు వస్తుంది. పేరొచ్చి లోపల ఖాళీగా కనపడితే ఫోన్ లాక్‌లో ఉన్నట్టు.

లోపల చూడాల్సిన చోట్లు నాలుగు. కెమెరాతో తీసినవి డీసీఐఎం ఫోల్డర్‌లో కెమెరా అనే దాంట్లో ఉంటాయి. స్క్రీన్‌షాట్లు కొన్ని కంపెనీల ఫోన్లలో డీసీఐఎంలో, కొన్నింట్లో పిక్చర్స్‌లో. డౌన్‌లోడ్ ఫోల్డర్ విడిగా ఉంటుంది. వాట్సాప్‌వి మాత్రం లోతుగా ఉంటాయి: ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్, అందులో మీడియా, అందులో కామ్ డాట్ వాట్సాప్, అందులో వాట్సాప్, మళ్లీ మీడియా, అక్కడ వాట్సాప్ ఇమేజెస్, వాట్సాప్ వీడియో. ఇమేజెస్‌లో 'సెంట్' అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది, మనం పంపినవి అందులో. చాలామంది డీసీఐఎం ఒక్కటే లాగేసి అయిపోయిందనుకుంటారు. మేత డీలరు పంపిన బిల్లులన్నీ వాట్సాప్‌లోనే ఉన్న ఇంట్లో అలా చేస్తే లెక్క సగం పోయినట్టే. లాక్ వేసుకునే సెక్యూర్ ఫోల్డర్‌లో దాచినవి కేబుల్‌కి అసలు కనపడవు, ముందు బయటికి తీయాలి.

కెమెరా ఫోల్డర్‌లో 6,300 పైచిలుకు ఫైళ్లు, 41 జీబీ. మొత్తం పట్టి లాగితే విండోస్ 'కాలిక్యులేటింగ్' అంటూ చాలాసేపు ఉండి, వెయ్యి దాటాక 'డివైస్ స్పందించడం మానేసింది లేదా డిస్‌కనెక్ట్ అయింది' అని ఆపేసింది. ఇది ఫోన్ తప్పూ కాదు, ల్యాప్‌టాప్ తప్పూ కాదు. ఫోన్ ఇక్కడ పెన్ డ్రైవ్‌లా డ్రైవ్ అక్షరంతో రాదు, ఎంటీపీ అనే పద్ధతిలో మాట్లాడుతుంది. ఒక్కో ఫైల్‌ని ల్యాప్‌టాప్ అడగాలి, ఫోన్ ఇవ్వాలి, తర్వాతదానికి మళ్లీ అడగాలి. ఒక సమయంలో ఒక్క పనే. కాపీ నడుస్తుండగా అదే ఫోన్‌లో ఇంకో ఫోల్డర్ తెరిచి చూడబోయినా బిగుసుకుపోతుంది. అందుకని నెలవారీగా లాగాం. ఆ ఫోన్‌లో ఫోటో పేరే తేదీతో మొదలవుతుంది, సంవత్సరం, నెల, రోజు, తర్వాత గంట, నిమిషం, సెకను. పేరు వారీగా సర్దితే నెల మొదటి ఫోటో నొక్కి, షిఫ్ట్ పట్టి చివరిది నొక్కితే నెలంతా పట్టుబడుతుంది. ఒక దఫాకి 500 నుంచి 800 ఫైళ్లు దాటించలేదు. అలా లాగితే 41 జీబీకి నలభై నిమిషాలు పట్టింది.

వేగం గురించి ఒక మాట. టైప్ సి అనగానే జోరుగా పోతుందనుకోవద్దు. టైప్ సి అనేది మూతి ఆకారం మాత్రమే. మధ్యతరగతి ఫోన్లలో చాలావాటికి లోపల యూఎస్‌బీ 2.0యే, సెకనుకి 480 మెగాబిట్లు, అంటే కాగితం మీద 60 ఎంబీ, చేతికి దక్కేది 30, 35. ఐఫోన్ 15 మామూలు మోడల్ కూడా ఇంతే, ప్రో మోడళ్లకే యూఎస్‌బీ 3 ఉంది. ల్యాప్‌టాప్‌లో నీలం (యూఎస్‌బీ 3) పోర్టు వెతుక్కుని గుచ్చినా ఫోన్ 2.0 అయితే లాభం లేదు.

వాట్సాప్ ఫోల్డర్‌తో అసలు తంటా వచ్చింది. ఫైళ్లు 11,000 పైనే, బరువు చూస్తే 3 జీబీ మాత్రమే. 3 జీబీ రెండు నిమిషాల పని అనుకుంటే 40 నిమిషాలైనా తెమల్లేదు. ఇందాక చెప్పిన ఎంటీపీయే కారణం: ఒక్కో చిన్న ఫైల్‌కీ అడగడం, ఇవ్వడం ఉంటుంది. 300 కేబీ ఫోటో ప్రయాణానికి పట్టే టైం కంటే ఆ పలకరింపుకే ఎక్కువ పడుతుంది. ఆపేసి, ఫోన్‌లోని ఫైల్ మేనేజర్‌లో వాట్సాప్ ఇమేజెస్‌ని పట్టి 'కంప్రెస్' నొక్కితే అన్నీ కలిసి ఒక్క జిప్ ఫైల్ అయింది. దానికి ఆరేడు నిమిషాలు. ఆ ఒక్క జిప్ ఫైల్ కేబుల్ మీద రెండు నిమిషాల లోపే వచ్చేసింది. ఫోటోలు మళ్లీ కుదించుకుపోవు, జిప్ వల్ల నాణ్యత తగ్గదు. ఒకటే షరతు, జిప్ చేయడానికి ఫోన్‌లో అంత ఖాళీ ఉండాలి. నిండిన ఫోన్‌లో అదెక్కడ ఉంటుంది? కాబట్టి వరుస ముఖ్యం: ముందు కెమెరా వీడియోలు ల్యాప్‌టాప్‌కి లాగి, సరిచూసి, కొన్ని తీసేసి చోటు చేసుకుని, అప్పుడు వాట్సాప్ జిప్. ల్యాప్‌టాప్‌లో జిప్ కనపడకపోతే ఫోన్‌ని ఒకసారి రీస్టార్ట్ చేయాలి. ల్యాప్‌టాప్ చూసేది ఫోన్ లోపలి జాబితాని, అందులో కొత్త ఫైల్ చేరడానికి ఒక్కోసారి ఆలస్యమవుతుంది. నిన్న తీసిన ఫోటోలు కనపడవని చాలామంది తల పట్టుకునేదీ ఇందుకే.

కెమెరా ఫోల్డర్‌లో 'ట్రాష్డ్' అని మొదలై పెద్ద అంకె ఉన్న పేర్లు కనపడితే కంగారొద్దు. ఆండ్రాయిడ్ 11 నుంచి, గ్యాలరీలో తొలగించిన ఫోటో వెంటనే పోదు, పేరు అలా మారి 30 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది. మధ్యలోని అంకె అది ఎప్పుడు పూర్తిగా పోవాలో చెప్పే గడువు. పొరపాటున తుడిచిన ఫోటో ఉంటే ఇక్కడ దొరుకుతుంది.

'కట్' మాత్రం ఎప్పుడూ వద్దు. కట్ చేసి పేస్ట్ చేస్తే సగంలో కేబుల్ కదిలినప్పుడు ఏది అటు చేరింది, ఏది ఇటు మిగిలింది అన్నది దేవుడికే ఎరుక. కాపీ చేసి, సరిచూసుకుని, తర్వాతే తొలగించాలి.

సరిచూడ్డం ఇలా చేశాం. ఫోన్ ఫోల్డర్‌లో అన్నీ ఎంచుకుంటే కిటికీ అడుగున ఎన్ని ఐటెమ్‌లో పడుతుంది, ల్యాప్‌టాప్ ఫోల్డర్‌లోనూ అంతే చూసి రెండు అంకెలూ సరిపోవాలి. తర్వాత ల్యాప్‌టాప్‌లో సైజు వారీగా సర్ది అట్టడుగు చూడాలి. తెగిపోయిన కాపీలో 0 కేబీ ఫైళ్లు అక్కడ తేలతాయి. మామ ఫోన్ విషయంలో లెక్క సరిపోయింది గానీ రెండు ఫైళ్లు సున్నా. మొదటిసారి తెగినప్పటివి. రెండోసారి లాగినప్పుడు 'అదే పేరుతో ఉంది, వదిలేయనా' అంటే 'స్కిప్' నొక్కాం, ఆ సున్నాలు అలాగే మిగిలాయి. తెగిన దఫాని మళ్లీ లాగేటప్పుడు స్కిప్ కాదు, 'రీప్లేస్' నొక్కాలి. చివరిగా పెద్ద వీడియోలు నాలుగు ఆఖరి సెకను దాకా లాగి చూశాం. సగం వచ్చిన వీడియో మొదట్లో బాగానే ఆడుతుంది, ఒక్కోసారి తెరుచుకోనే తెరుచుకోదు.

క్లౌడ్‌లో ఉన్న మొదటి పంట ఫోటోలకి, ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో గూగుల్ ఫోటోస్ తెరిచి ఎంచుకుంటే ఒకసారికి 500 దాకా జిప్‌గా ఇస్తుంది. వేలల్లో ఉంటే, మన డేటా మొత్తం దించుకోవడానికి గూగుల్ ఇచ్చే టేకౌట్ నయం. అందులో 'డిసెలెక్ట్ ఆల్' నొక్కి ఫోటోస్ ఒక్కటే ఎంచుకోవాలి, లేకపోతే మెయిల్ నుంచి మ్యాప్స్ దాకా కట్టి పంపుతుంది. జిప్ సైజు 2 జీబీ పెట్టుకుంటే నెట్ తెగినా పోయేది ఒక ముక్కే. లింకు మెయిల్‌కి వస్తుంది, వారం దాటితే పనిచేయదు. ఫోటోల పక్కనే జేసన్ అనే చిన్న ఫైళ్లు వస్తాయి. అవి చెత్త అని తుడిచేయకండి, గూగుల్ ఫోటోస్‌లో మనం మార్చిన తేదీలు, రాసుకున్న వివరణలు వాటిలోనే ఉంటాయి. 'స్టోరేజ్ సేవర్'లో (ఇందాకటి 'హై క్వాలిటీ'కి ఇప్పటి పేరు) ఎక్కించిన ఫోటోలు కుదించినవే వస్తాయి, 16 మెగాపిక్సెల్ దాటినవి ఆ కొలతకి తగ్గుతాయి. అసలు ఫోటో ఫోన్‌లోంచి పోయాక చేసేదేం లేదు.

బావమరిది ఐఫోన్‌కి వేరే శాస్త్రం. గుచ్చగానే 'ఈ కంప్యూటర్‌ని నమ్మాలా' అని ఫోన్ అడుగుతుంది, 'ట్రస్ట్' నొక్కి పాస్‌కోడ్ కొట్టకపోతే ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ ఖాళీ. లాగుతుంటే 'సిస్టమ్‌కి జతచేసిన పరికరం పనిచేయడం లేదు' అని తెగుతోంది. 2017లో ఐఓఎస్ 11తో ఐఫోన్ ఫోటోలు హెచ్ఈఐసీ రూపంలోకి మారాయి. కేబుల్ మీద పంపేటప్పుడు ఫోన్ వాటిని అప్పటికప్పుడు జేపెగ్‌గా మార్చే ప్రయత్నం చేస్తుంది, ఆ మార్పిడిలో తడబడితే ఈ ఎర్రర్. ఫోటోస్ సెట్టింగుల్లో అడుగున 'ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ' దగ్గర 'ఆటోమేటిక్' తీసి 'కీప్ ఒరిజినల్స్' పెట్టగానే దారిన పడింది. కొత్త ఐఓఎస్‌లో ఆ ఫోటోస్ సెట్టింగులు 'యాప్స్' లోపలికి పోయాయి. వచ్చిన హెచ్ఈఐసీ ఫోటోలు విండోస్‌లో తెరుచుకోకపోతే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో హెచ్ఈఐఎఫ్ ఎక్స్‌టెన్షన్ ఉచితంగా దొరుకుతుంది. ఇక అంకెకి ముందు ఇంగ్లిష్ 'E' అక్షరం ఉన్న పేరు ఎడిట్ చేసిన ఫోటోది, అదే అంకెతో 'E' లేనిది అసలు ఫోటో. లైవ్ ఫోటోలకి పక్కనే చిన్న వీడియో ముక్క వస్తుంది. 'ఆప్టిమైజ్ ఐఫోన్ స్టోరేజ్' ఆన్‌లో ఉంటే మళ్లీ గూగుల్ కథే, అసళ్లు ఐక్లౌడ్‌లో ఉంటాయి. ఐక్లౌడ్ సైట్‌లో ఒకసారికి 1,000 దాకా దించుకోవచ్చు.

అత్త ఫోన్‌లో వెయ్యి ఫోటోలే, పోర్టు అరిగిపోయింది. ఆండ్రాయిడ్‌కి కేబుల్ లేకుండా పంపే క్విక్ షేర్ ఉంది, విండోస్‌కి గూగుల్ ఇచ్చే ప్రోగ్రామ్ వేసుకుంటే చాలు. బ్లూటూత్‌తో పలకరించుకుని వైఫై మీద పంపుకుంటాయి, నెట్ డేటా ఖర్చు కాదు. ల్యాప్‌టాప్ కనపడకపోతే దాని క్విక్ షేర్‌లో ఎవరి నుంచి తీసుకోవాలన్న చోట 'ఎవ్రీవన్' పెట్టి చూడాలి. లోకల్‌సెండ్ అనే యాప్ కూడా మంచిదే, ఉచితం. రెండూ ఒకే వైఫైలో ఉన్నా ఒకదానికొకటి కనపడవంటే, ల్యాప్‌టాప్‌లో ఆ వైఫై 'పబ్లిక్' అని ఉండొచ్చు, 'ప్రైవేట్' చేయాలి. వెయ్యి దాకా గాలిలో పంపొచ్చు. పది వేలైతే కేబులే.

తేదీల సంగతి మామకి అన్నిటికంటే అవసరం. కెమెరా ఫోటో కడుపులోనే తీసిన తేదీ, గంట రాసి ఉంటాయి. ఎన్నిసార్లు కాపీ చేసినా చెరగవు. విండోస్‌లో 'డేట్ టేకెన్' వరుస పెట్టుకుని సర్దితే పంట రోజుల వారీగా వస్తుంది. వాట్సాప్‌లో ఫోటోగా వచ్చినవాటికి ఆ వివరం ఉండదు, పంపేటప్పుడే తీసేస్తుంది. పేరులో ఉండే తేదీ మనకి చేరిన రోజుది, తీసిన రోజుది కాదు. గుంట దగ్గర కుర్రాడు శనివారం తీసిన మీటరు రీడింగు సోమవారం పంపితే సోమవారం కిందే పడుతుంది. అందుకని ఇప్పుడు 'డాక్యుమెంట్'గా పంపమన్నాం. అలా వస్తే అసలు ఫైల్ అసలు తేదీతోనే వస్తుంది, కుదింపూ ఉండదు.

తొలగించేటప్పుడు ఇంకో గండం. బ్యాకప్ అయిన ఫోటోని గూగుల్ ఫోటోస్ యాప్‌లో డిలీట్ చేస్తే ఫోన్‌లోంచే కాదు, క్లౌడ్‌లోంచీ పోతుంది. ఫోన్‌లో మాత్రమే తీసేయాలంటే 'ఫ్రీ అప్ స్పేస్' లేదా 'డిలీట్ ఫ్రమ్ డివైస్' వాడాలి. తీసేశాక కూడా చోటు దొరకకపోతే చెత్తబుట్ట ఖాళీ చేయలేదన్నమాట. మేం తీసేసే ముందు ల్యాప్‌టాప్ ఫోల్డర్‌ని ఒక టీబీ హార్డ్ డిస్క్‌కి ఇంకో కాపీ వేశాం. డిస్క్ ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన వీడియో ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ చేసుకోవాలి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ఖాళీ డిస్క్‌కే ఆ పని.

ఆఖరిగా ఫోల్డర్‌లో ఒక నోట్‌ప్యాడ్ ఫైల్ పెట్టి, దానికి 'ఇంతవరకు' అని పేరిచ్చి, చివరగా లాగిన ఫోటో పేరు అందులో రాశాం. వచ్చే నెల ఆ పేరు తర్వాతివే లాగితే సరిపోతుంది.